పళ్లకి బ్రిడ్జి వేసే ముందు మూడు నెలల తయారీ నిజంగా అవసరమా, డబ్బు కోసం తిప్పడమా?

నరసన్నపేట కోడలు:
మా అత్తగారికి 58 ఏళ్లు. పైన ముందు పళ్లలో ఒకటి ఎప్పుడో ఊడిపోయింది, దాని పక్కది బాగా కదులుతోంది. శ్రీకాకుళంలో ఒక డాక్టర్ గారికి చూపిస్తే ముందు గార తీయాలి, కదిలే పన్ను పీకేయాలి, అవతల ఉన్న పుచ్చు పన్నుకి రూట్ కెనాల్ చేయాలి, పన్ను తీసిన చోటు మానాక, చిగుళ్లు ఇంకోసారి చూసి అప్పుడు బ్రిడ్జి, అంటే పక్క పళ్లకి క్యాపులు తొడిగి వాటి మధ్య లేని పన్నుని కట్టేది, వేస్తామన్నారు. మొత్తం మూడు నెలలు. ఇంకో క్లినిక్‌లో అడిగితే కదిలే పన్ను తీయక్కర్లేదు, దాన్ని కూడా బ్రిడ్జిలో కలిపేస్తాం, నాలుగు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లు పెట్టేస్తాం అంటున్నారు. మాఘంలో మా ఆడపడుచు పెళ్లి. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పీటల మీద కూర్చోవాలా అని ఏడుస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?

నాగావళి ఒడ్డు:
నాలుగు రోజుల వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

పలాస జీడితోట:
ఎందుకు వెళ్లకూడదో కూడా చెప్పండి. మా నాన్నని ఇలాగే తయారీ తయారీ అని తొమ్మిదిసార్లు తిప్పారు. పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగాలి, ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కణ్ణుంచి టౌన్‌లోకి మళ్లీ ఆటో. ఆయన ఒక్కడూ రాలేడు కాబట్టి ప్రతిసారీ నేను తోడు, నా రోజు కూలి పోయినట్టే. ఎక్స్‌రేకి వేరే, క్లీనింగ్‌కి వేరే, చూసినందుకు వేరే. ఇంకో మాట, క్లీనింగ్ చేశాకే ఆయన పళ్లు కదలడం మొదలైంది. అంతకుముందు చెరకు గెడ పంటితో ఒలిచి తినేవాడు.

విజయనగరం పళ్ల డాక్టరు:
క్లీనింగ్ వల్ల పళ్లు కదలవండీ. ఈ మాట నేను రోజూ వింటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఏళ్ల తరబడి పేరుకున్న గార పంటి చుట్టూ గట్టిపడి, పక్కపక్క పళ్లని సిమెంటులా అతికించి ఉంచుతుంది. లోపల మాత్రం చిగురు వాచి, పంటిని పట్టుకునే ఎముక కరిగిపోతూ ఉంటుంది. గార తీయగానే అతుకు పోతుంది, వాపు దిగి సందులు కనబడతాయి. అంటే పన్ను అంతకుముందే పట్టు తప్పింది, మీకు తెలిసింది ఆ రోజు.

బ్రిడ్జి అంటే లేని పన్ను బరువు కూడా పక్క పళ్ల మీద వేయడం. కదిలే పన్నుని అందులో కలిపేస్తే కొన్నాళ్లు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, తర్వాత అది పక్కనున్న మంచి పళ్లని కూడా తనతో లాక్కుపోతుంది. గార తీశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమనేది చిగురు ఎక్కడికి దిగి ఆగుతుందో చూడటానికి. వాచిన చిగురు దగ్గర క్యాపు అంచు పెడితే, వాపు తగ్గాక ఆ అంచు బయటపడి నవ్వినప్పుడల్లా కనబడుతుంది. ముందు పళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం.

పలాస జీడితోట:
నేనడిగిందానికి జవాబు రాలేదు డాక్టర్ గారూ. క్లీనింగ్‌కి ముందు కదల్లేదు, తర్వాత కదిలాయి. మీరు ఎంత రాసినా మా నాన్న కళ్లారా చూసింది ఇదే.

రాజాం రిటైర్డ్ మాస్టారు:
ఆయన సంగతి నాకు తెలీదు గానీ, నా సంగతి చెప్తాను. 2019లో నాకు వారం రోజుల్లో బ్రిడ్జి వేశారు. గార తీయలేదు, ఎక్స్‌రే తీయలేదు, ముచ్చటగా తెల్లగా పెట్టి పంపించారు, నేనూ సంతోషించాను. రెండేళ్లకి నోటి వాసన మొదలైంది. మా ఆవిడ మొహం తిప్పుకునేది, నేను కడుపులో తేడా అనుకుని సోంపు నమిలేవాణ్ణి. 2023లో ఒకరోజు ఇడ్లీ తింటుంటే బ్రిడ్జి మొత్తం ఊడి పళ్లెంలో పడింది. ఇడ్లీకి! లోపల ఉన్న రెండు పళ్లు తడిసిన బెల్లంలా గోధుమ రంగుకి తిరిగి, కొత్త డాక్టరు ముల్లుతో గీకితే పొరలు పొరలుగా వచ్చేశాయి. రూట్ కెనాల్ చేయడానికి కూడా పన్ను మిగల్లేదు. పోయిన ఒక్క పన్ను కోసం మొదలుపెడితే మూడు పోయాయి. అమ్మా కోడలూ, మూడు నెలలు ఆగండి.

ల్యాబ్‌లో పళ్లు చేసేవాణ్ణి:
ఎవరూ మా వైపు నుంచి చెప్పరు కాబట్టి రాస్తున్నా. చిగురు నెత్తురు కారుతున్నప్పుడు తీసిన కొలతలు, అంటే పళ్ల అచ్చులు, మా దగ్గరికి వస్తే చూడగానే తెలిసిపోతుంది. పన్ను అరగదీసిన చోట అంచు గీతలా స్పష్టంగా రావాలి, దాని బదులు నెత్తురు, తడి వల్ల అక్కడ బుడగ, గుంట ఉంటుంది. ఫోన్ చేసి కొలత మళ్లీ తీయండి సార్ అంటే కొందరు తీసి పంపుతారు, కొందరు ఎలాగోలా అడ్జస్ట్ చేసేయమంటారు. అప్పుడు అంచు ఇక్కడ ఉండొచ్చు అని అందాజుగా పెన్సిల్‌తో గీసి క్యాపు చేస్తాం. ఆ అందాజులో వచ్చిన సందులోంచే పుచ్చు దూరుతుంది. మాస్టారికి జరిగింది అలాంటిదే అయ్యుంటుంది.

బొబ్బిలి వీణ:
ల్యాబ్ అన్న చెప్పింది మొదటిసారి వింటున్నాను. భయం వేసింది.

నరసన్నపేట కోడలు:
అందరూ ఆగమంటున్నారు సరే. మరి పెళ్లి?

విజయనగరం పళ్ల డాక్టరు:
పెళ్లి ఆగక్కర్లేదమ్మా. గార తీసి, పుచ్చు సంగతి చూశాక, పన్ను తీసిన రోజే తాత్కాలిక పన్ను పెట్టొచ్చు. తీసి పెట్టుకునేది అయినా, రెసిన్‌తో చేసే తాత్కాలిక బ్రిడ్జి అయినా సరే, ఫొటోల్లో తేడా తెలియదు, గట్టివి కొరక్కుండా ఉంటే చాలు. పన్ను తీసిన చోట ఎముక, చిగురు మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువగా కుంచించుకుపోతాయి. అసలు బ్రిడ్జి ఇప్పుడే పెడితే మూడు నెలలకి దాని కింద సందు పడి మెతుకులు ఇరుక్కుంటాయి. తాత్కాలికంగా పెట్టినదైతే సరిచేసుకోవచ్చు.

పలాస జీడితోట:
అదిగో. తాత్కాలికానికి ఒక బిల్లు, అసలుదానికి ఇంకో బిల్లు. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే కదా.

విజయనగరం పళ్ల డాక్టరు:
క్షమించాలి, ఇప్పుడు నాకూ కోపం వస్తోంది. నాలుగు రోజుల్లో వేసినవి ఊడిపోతే మీరంతా వచ్చేది మాలాంటి వాళ్ల దగ్గరికే. పోయిన నెలలోనే ముగ్గురు వచ్చారు. పన్ను దక్కదు అని చెప్పాల్సింది నేను, తిట్లు తినాల్సిందీ నేనే. తయారీ చేస్తే దోపిడీ అంటారు, చేయకపోతే చేతగానివాడు అంటారు. మీ నాన్నగారికి చివరికి బ్రిడ్జి వేశారా లేదా? అది చెప్పండి ముందు.

పలాస జీడితోట:
వేయలేదు.

అడిగారు కాబట్టి చెప్తాను. ఏడోసారి వెళ్లినప్పుడు రెండు పక్కల మంచి పళ్లని అరగదీసేశారు. మొత్తం ఎంతవుతుందో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. తొమ్మిదోసారి కౌంటర్ దగ్గర అమ్మాయి చీటీ మీద అంకె రాసి ఇచ్చింది. మా నాన్న ఆ చీటీ చూసి, మడిచి జేబులో పెట్టుకుని, పద బాబూ రైలు టైమైంది అన్నాడు. మళ్లీ వెళ్లలేదు. అరగదీసిన పళ్లు అలాగే ఉన్నాయి, రెండేళ్లుగా చల్లటి నీళ్లు తాగలేడు, ఎండాకాలంలో కూడా చెంబులో నీళ్లు ఎండలో పెట్టుకుని తాగుతాడు. నాకు క్లీనింగ్ మీద కోపం ఏటుంటుంది సార్. మొదటి రోజే ఇంత అవుతుంది, ఇన్నిసార్లు రావాలి అని చెప్పుంటే వద్దనుకునేవాళ్లం, లేకపోతే తీసి పెట్టుకునే పళ్లు పెట్టించేవాళ్లం. పళ్లు ముట్టుకోకముందు చెప్పాలి కదా.

నాగావళి ఒడ్డు:
ఇది ముందే రాసుంటే ఇంత గొడవ ఉండేది కాదు తమ్ముడూ.

విజయనగరం పళ్ల డాక్టరు:
తప్పు జరిగింది. ఆ డాక్టరు ఎవరైనా సరే, ఖర్చు చెప్పకుండా మంచి పన్ను అరగదీయకూడదు. అరగదీసిన పన్నుకి ఆ రోజే తాత్కాలిక క్యాపు పెట్టి పంపాలి, అది కూడా చేసినట్టు లేదు. మీ నాన్నగారిని ఎక్కడైనా చూపించి కనీసం ఆ రెండు పళ్లకి క్యాపులు వేయించండి, ఆలస్యమైతే అవి కూడా పుచ్చిపోతాయి.

కానీ ఒకటి మాత్రం ఒప్పుకోలేను. మొదటి రోజే అంతా కచ్చితంగా చెప్పడం కుదరదు. ఏ పన్ను నిలుస్తుందో, ఏది తీయాలో కొన్నిసార్లు చిగుళ్లు మానాకే తెలుస్తుంది. నేనైతే పళ్లు నిలిస్తే ఇంత, నిలవకపోతే ఇంత అని రెండు లెక్కలూ రాసిస్తాను.

పలాస జీడితోట:
రెండు కాదు, మూడు లెక్కలు రాయండి. మధ్యలో మానేస్తే నోరు ఏ స్థితిలో ఉంటుందో కూడా రాయండి. కూలోళ్లు మధ్యలో మానేస్తారు, అది మీకు తెలుసు.

మందస నుంచి:
మా బాబాయి డయాలసిస్‌లో ఉన్నాడు. ఉద్దానం వాళ్లం. ఆయనకీ క్యాపు వేయాలంటున్నారు, ఏమైనా జాగ్రత్తలా?

విజయనగరం పళ్ల డాక్టరు:
డయాలసిస్ లేని రోజున వెళ్లాలి, సాధారణంగా మర్నాడు మంచిది. కిడ్నీ డాక్టరుకి ముందే చెప్పండి. షాపులో నొప్పి మాత్రలు కొని మింగొద్దు.

నరసన్నపేట కోడలు:
నేనొకటి దాచాను. సిగ్గేసి రాయలేదు. మా అత్తగారు అడ్డపొగ తాగుతారు, చిన్నప్పట్నుంచీ అలవాటు, చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని. వంట చేస్తూ కూడా అలాగే. మొదటి డాక్టర్ గారు పళ్లు చూడకముందే నోరు పెద్దగా తెరిపించి, అద్దంలో అంగిలి నాకు కూడా చూపించారు. తెల్లగా మందంగా అయిపోయి మధ్యలో ఎర్రటి చుక్కలు, ఒక పక్కన అర్ధ రూపాయంత ఎర్రటి మచ్చ. చుట్ట మానేసి రెండు వారాల తర్వాత రండి, ఆ మచ్చ చూశాకే పళ్ల మాట అన్నారు. నాలుగు రోజుల వాళ్లు అంగిలి వంక చూడనే లేదు.

విజయనగరం పళ్ల డాక్టరు:
అమ్మా, ఇది మొదటే రాయాల్సింది. సిగ్గు పడకండి, మన ఊళ్లలో పెద్దవాళ్లకి ఉన్నదే. శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో పరిశోధన ప్రచురించారు, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద వచ్చే మచ్చల గురించే. చుట్ట మానినా ఎర్ర మచ్చ తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తారు. క్యాన్సర్ ఉందో లేదో తేలేది దాంతోనే. తాత్కాలిక పన్ను మాట కూడా ఆ తర్వాతే. రెండు వారాలు ఎప్పటికి అవుతాయి?

నరసన్నపేట కోడలు:
వచ్చే బుధవారానికి. కానీ ఆవిడ పూర్తిగా మానలేదు, రోజుకి ఒకటి దొంగచాటుగా తాగుతున్నారు.

రాజాం రిటైర్డ్ మాస్టారు:
మానినా మానకపోయినా తీసుకెళ్లమ్మా. తిట్టొద్దు, తిడితే రాదు.

పలాస జీడితోట:
వెళ్లండి అక్కా. నేను మొదట అన్నవి పట్టించుకోకండి. ఖర్చు, ఎన్నిసార్లు రావాలి అన్నది మాత్రం కాగితం మీద రాయించుకోండి.

నరసన్నపేట కోడలు:
రాయించుకుంటాను తమ్ముడూ. అంగిలి సంగతి తేలాక.