మామిడితోట ఏటీవీని సంక్రాంతి దాకా షెడ్డులో పెట్టాలి, ముందు ఏమేం చేయాలి?

తోటదారి_బంగారుపాళ్యం

అందరికీ నమస్కారం. మాది బంగారుపాళ్యం దగ్గర తోతాపురి తోట, మధ్యలో కొన్ని బేనీషా చెట్లు. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో ఒక ఏటీవీ (బైకు హ్యాండిల్, నాలుగు లావు టైర్లు ఉండే బండి) తీసుకున్నాం. గేర్లు లేని బెల్టు బండి, కార్బురేటర్ ఉన్న పాత మోడల్. వెనక క్యారియర్ మీద మందు కొట్టే ట్యాంకు పెడతాం, కోతలప్పుడు క్రేట్లు వేస్తాం. గట్లెక్కి దిగడానికి దీన్ని మించింది లేదు.

ఈసారి దసరా అయ్యాక సంక్రాంతి దాకా బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటాం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వైపు వానలు ఎట్లా ఉంటాయో మీకు తెలిసిందే. షెడ్డుకి పైన రేకులున్నాయి కానీ రెండు పక్కలా గోడ లేదు, జల్లు కొడుతుంది. అక్కడే వేరుశనగ మూటలు కూడా ఉంటాయి.

వాటర్ సర్వీస్ చేయించి టార్పాలిన్ కప్పేస్తే చాలని మా బావమరిది అంటాడు. కాపలా ఉండే పెద్దాయనేమో వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచుతానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బుల్లెట్_పలమనేరు

పెద్దాయన చెప్పిందే కరెక్ట్ అన్నా. నేను ఊరెళ్లినప్పుడు నా బుల్లెట్‌ని మా తమ్ముడు అట్లాగే వారానికోసారి స్టార్ట్ చేస్తాడు. బ్యాటరీ దిగిపోకుండా ఉంటుంది. వాటర్ సర్వీస్ కూడా మంచిదే, బురదతో పెడితే తుప్పు పట్టేస్తుంది.

స్పానర్_చంద్రగిరి

నేను చంద్రగిరి వైపు ఒక రిసార్టులో క్వాడ్ బైకుల (ఏటీవీలనే అట్లా కూడా అంటారు) మెయింటెనెన్స్ చూస్తాను. పిల్లలు, పెద్దలు అందరూ తొక్కి పడేసే బండ్లు, కాబట్టి వీటి రోగాలు నాకు బాగా తెలుసు. బుల్లెట్ తమ్ముడు ఏమీ అనుకోవద్దు, ఆ ఐదు నిమిషాల స్టార్టింగ్ వద్దు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది, ఐదు నిమిషాలకి ఆపేస్తే ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ దిగిపోతుంది. బ్యాటరీ సంగతీ అంతే. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయినంత చార్జి ఆ కాసేపట్లో తిరిగి ఎక్కదు. తిప్పితే అరగంట తోటంతా తిప్పాలి, లేదంటే అసలు ముట్టుకోకూడదు.

ఇక వాటర్ సర్వీస్. ఏటీవీని బురద అంతగా చెడగొట్టదు సార్, మనం గన్ పెట్టి లోపలికి తోసిన నీళ్లు చెడగొడతాయి. వాటర్ సర్వీస్ పిల్లలకి కారు, బైకు తెలుసు, ఈ బండి తెలియదు. వీల్ బేరింగుల సీళ్లు, యాక్సిల్ మీది రబ్బరు బూట్లు, రేడియేటర్ రెక్కలు, హ్యాండిల్ స్విచ్చులు, బెల్టు బాక్సుకి గాలి వెళ్లే గొట్టం, వీటి మీదికి గన్ పోనివ్వకూడదు. ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో, షాంపూతో, బ్రష్షుతో మీరే ఇంట్లో కడుక్కోండి. మీ బోరువి ఉప్పునీళ్లయితే కడిగిన వెంటనే గుడ్డతో తుడవండి, లేకుంటే తెల్ల మరకలు కట్టేస్తాయి.

నీళ్లు పట్టే ముందు ఒక పని. ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా ఒక ప్లేటు ఉంటుంది, బోల్టులు తీసి దాన్ని దించండి. తోటలో తిరిగే బండి కదా, మామిడాకులూ ఎర్రమట్టీ కలిసి లోపల పిడకలా గట్టిపడి ఉంటుంది. పైన ఎంత తళతళలాడినా ఆ ముద్ద వారాల తరబడి తేమ పట్టుకుని ఉంటుంది, ఫ్రేముకి తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇనప చువ్వతో కాకుండా చెక్కముక్కతో గీకండి, పెయింట్ లేవకుండా ఉంటుంది. ప్లేటులో ఉండే బెజ్జాలు కూడా మూసుకుపోయి ఉంటాయి, పొడిచి తెరవండి. క్యారియర్ మీద మందు, ఎరువు ఒలికిన చోట రెండుసార్లు కడగండి, యూరియా లాంటివి ఇనుముని తినేస్తాయి. కాయల సొన అంటుకుని నల్లబడి ఉంటే కొబ్బరినూనె గుడ్డతో రుద్ది తర్వాత సబ్బు పెట్టండి. ఆ నూనె గుడ్డ బ్రేకుల దగ్గరికి మాత్రం తేవద్దు.

కడిగేశాక అలాగే షెడ్డులోకి తోసేయకండి. బెల్టు బాక్సు అడుగున డ్రెయిన్ బిరడా ఉంటుంది, తీసి చూడండి. నీళ్లు కారితే పూర్తిగా పోనిచ్చి, న్యూట్రల్‌లో కాసేపు రేజ్ చేస్తే లోపలి గాలికే ఆరుతుంది. బెల్టు తడిగా ఉంటే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఆ తర్వాత తోటలో ఒక పావుగంట తిప్పి, మధ్యమధ్యలో బ్రేకులు మెల్లగా వేస్తూ వాటినీ ఆరబెట్టండి. అప్పుడు గ్రీజు గన్ తీయండి. ముందు చక్రాల ఆర్ముల దగ్గర గ్రీజు ఎక్కించే నిప్పుల్స్ ఉంటాయి, లోపలి పాత మురికి గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి, దాంతోపాటు లోపల చేరిన నీళ్లూ వచ్చేస్తాయి.

ఇంజిన్ ఆయిల్ బండిని షెడ్డులో పెట్టే ముందే మార్చండి, సంక్రాంతికి వచ్చాక కాదు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి, మూడు నెలలు వాటిలో బేరింగులు నానడం ఎందుకు? ఎయిర్ ఫిల్టర్ ఫోముదైతే గిన్నెలు తోమే సబ్బునీళ్లలో ఉతికి, మెలిపెట్టకుండా అదిమి పిండి, నీడన ఆరేశాక ఫిల్టర్ ఆయిల్ పట్టించండి. పెట్రోలుతో కడగొద్దు, అతుకులు ఊడిపోతాయి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు. ఇథనాల్ గాల్లోని తేమని లాగుతుంది. మీది కార్బురేటర్ బండి కాబట్టి ఇక్కడే జాగ్రత్త పడాలి. ట్యాంకు నిండా పోసి ఫ్యూయల్ స్టెబిలైజర్ (పెట్రోలు నిల్వలో చెడకుండా కలిపే ద్రవం) కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు నడపండి. తర్వాత పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా వదిలేయండి. కార్బురేటర్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా దించేయండి. స్టెబిలైజర్ దొరక్కపోతే ట్యాంకు ఖాళీ చేసి ఆ పెట్రోలు మీ స్కూటర్లో పోసుకోండి. సగం ట్యాంకుతో మాత్రం వదలొద్దు. జనవరిలో నా దగ్గరికి "స్టార్ట్ కావడం లేదన్నా" అని వచ్చే బయటి బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్ జెట్టులో, అంటే పెట్రోలు వెళ్లే సన్న బెజ్జంలో, నిల్వ పెట్రోలు కట్టిన జిగురే ఉంటుంది.

పుత్తూరు_అక్క

స్పానర్ అన్న అన్నీ చెప్పారు, వేరుశనగ మూటల సంగతి వదిలేశారు. అన్నా, ఆ మూటలు ముందు అక్కడి నుంచి తీయించండి. ఎలుకలు మూటల కోసం వస్తాయి, వచ్చాక వైర్లు కొరుకుతాయి. మా ట్రాక్టరుకి ఇట్లాగే వైరింగ్ మొత్తం మార్చాల్సి వచ్చింది, ఆ బిల్లు చూసి మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సైలెన్సర్ గొట్టంలోనూ ఎయిర్ బాక్సు నోట్లోనూ గుడ్డ కుక్కి, "గుడ్డ తీయాలి" అని అట్టముక్క మీద రాసి హ్యాండిల్‌కి కట్టండి.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. ఇంట్లో చెక్క మీద పెట్టి నెలకోసారి మీటరుతో చూడమనండి. 12.4 వోల్టుల కంటే తగ్గితే చార్జింగ్ పెట్టాలి, అది కూడా చిన్న చార్జరుతో. లారీ బ్యాటరీల షాపులో పెద్ద చార్జరుకి తగిలిస్తే చిన్న బ్యాటరీ పాడైపోతుంది. బెంగళూరుకి కార్లోనే పోతారు కదా, ఆ బ్యాటరీని వెంట తీసుకుపోయినా సరే.

తోటదారి_బంగారుపాళ్యం

చాలా థాంక్స్ అన్నా, అక్కా. మూటలు రేపే మార్పిస్తా. ఇంకో రెండు డౌట్లు. టార్పాలిన్ కప్పొచ్చా? టైర్లలో గాలి ఎంత ఉండాలి? మొన్న పంక్చర్ షాపతను బైకు లెక్కన 28 పట్టాడు, అప్పటినుంచి గట్టు మీద బండి ఎగిరెగిరి పడుతోంది.

స్పానర్_చంద్రగిరి

28 చూసి నాకే టెన్షన్ వచ్చింది సార్. ముందు దాన్ని తగ్గించండి. ఈ టైర్లకి మామూలుగా 4 నుంచి 7 పీఎస్ఐ చాలు. మీ బండికి సరిగ్గా ఎంతో ఫ్రేము మీదో ఫెండరు మీదో స్టిక్కరు ఉంటుంది, అదే ఫైనల్. గాలి అంత గట్టిగా ఉంటే నేలని పట్టుకోదు, ఏటవాలు గట్టు మీద పల్టీ కొట్టే ప్రమాదం. పంక్చర్ షాపు మీటరు అంత తక్కువ గాలిని సరిగ్గా చూపించదు. 0-15 పీఎస్ఐ గేజ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

టార్పాలిన్ నేరుగా బండి మీద బిగించి కట్టొద్దు, లోపల చెమ్మ పట్టి తుప్పుకి దారి అవుతుంది. బండికి పాత నూలు దుప్పటి కప్పి, టార్పాలిన్‌ని షెడ్డుకి గోడ లేని పక్కల పరదాలా కట్టండి. జల్లు ఆగుతుంది, గాలీ ఆడుతుంది. వీలైతే ఫ్రేము కింద చెక్క దిమ్మెలు పెట్టి చక్రాలు నేలకి తగలకుండా లేపండి. అంత వీలు కాకపోతే న్యూట్రల్‌లో వదిలి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. నెలల తరబడి బ్రేకు పట్టి ఉంటే అక్కడే పట్టేస్తుంది. పెద్దాయనకి ఏదో ఒక పని చెప్పాలంటే, నెలకోసారి రాళ్లు తీసి బండిని కొద్దిగా ముందుకి తోసి మళ్లీ రాళ్లు పెట్టమనండి.