సాయంత్రం ఉన్న క్లోరిన్ తెల్లవారేసరికి ఉండటం లేదు, గోడలకు పాచి పడుతోంది: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న (అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుడు, హైదరాబాద్)

మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో సుమారు 1,20,000 లీటర్ల నీళ్లు పడతాయి. పైకప్పు లేదు. మొదటి నుంచీ టీసీసీఏ 90 క్లోరిన్ బిళ్లలే వాడుతున్నాము, నిరుటి వరకు ఏ ఇబ్బందీ రాలేదు. ఈ వేసవిలో మాత్రం సాయంత్రం పరీక్షలో 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) చూపించిన క్లోరిన్ మర్నాడు పొద్దున్నే చూస్తే దాదాపు సున్నాకు పడిపోతోంది. నీళ్లు పచ్చబడ్డాయి, లోతు వైపు గోడల మీద, నిచ్చెన వెనక, లైటు బిగించిన గూటి అంచుల్లో వేలితో రాస్తే జారే పాచి పేరుకుంది. పీహెచ్ 7.4 ఉంది, పంపు రోజుకు నాలుగు గంటలు నడుస్తుంది. నిర్వహణ చూసే అతను ఇదంతా ఎండ ప్రభావమని చెప్పి బిళ్లలు పెంచాడు, మధ్యలో మైలుతుత్తం కూడా కలిపాడు. కొద్ది రోజులు తగ్గి మళ్లీ మొదటికే వస్తోంది. పిల్లలు దిగే నీళ్లు కాబట్టి ఊరికే మందులు గుమ్మరించడం నాకు ఇష్టం లేదు. అసలు లోపం ఎక్కడుందో ఎలా తేల్చుకోవాలి?

మొదటి సమాధానం (నీటి పరీక్షలు చేసేవారు)

మీరు రాసిన వివరాల్లో ముఖ్యమైనది క్లోరిన్ రాత్రిపూట పోతోందన్నది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను విరగ్గొడతాయన్నది నిజమే, కానీ సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఎండే లేదు కదా. చీకట్లో కూడా 3 పీపీఎం ఖర్చయిపోతోందంటే నీళ్లలో దాన్ని తినేసేది ఏదో ఉంది. మీ విషయంలో అది పాచే. దీన్ని నిర్ధారించుకోవడానికి పొద్దుగుంకాక క్లోరిన్ కలిపి, పంపు ఒక గంట నడిచాక కొలవండి, మళ్లీ ఎండ పడకముందే కొలవండి. తేడా 1 పీపీఎం లోపు ఉంటే కొలను శుభ్రంగా ఉన్నట్టు, అంతకు మించితే పాచి ఇంకా బతికే ఉన్నట్టు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పసుపు రంగు వచ్చే ఓటీఓ చుక్కల మందు మొత్తం క్లోరిన్‌నే చూపుతుంది, పనిచేసే స్వేచ్ఛా క్లోరిన్‌ను విడిగా చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ పరీక్ష వాడండి. అయితే క్లోరిన్ సుమారు 10 పీపీఎం దాటితే ఆ గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి వెలిసిపోతుంది, చూసినవారు సున్నా అనుకుంటారు. బిళ్లలు పెంచామన్నారు కాబట్టి ఈ అనుమానాన్ని ముందే తీర్చుకోవడం మంచిది.

రెండో సమాధానం (పూల్ నిర్వహణలో ఉన్నవారు)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను, కానీ పాచి ఎందుకు చావడం లేదన్న ప్రశ్న మిగిలే ఉంది. నా అనుమానమంతా ఆ బిళ్లల మీదే. టీసీసీఏ బిళ్లలో క్లోరిన్‌తో పాటు సయాన్యూరిక్ ఆమ్లం ఉంటుంది, దీన్నే మా వాళ్లు స్టెబిలైజర్ అంటారు. కిలో బిళ్లలు కరిగితే సుమారు 550 గ్రాములు అదే మిగులుతుంది, అంటే మీ కొలనులో ప్రతి కిలోకు 4.5 పీపీఎంకు పైగా పెరుగుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది గానీ ఇది పోదు. నీళ్లు ఆవిరైనప్పుడు కూడా కొలనులోనే ఉండిపోతుంది కాబట్టి, తగ్గిన మేరకు కొత్త నీళ్లు పట్టినంత మాత్రాన తగ్గదు.

30 నుంచి 50 పీపీఎం వరకు ఇది ఉంటే మేలు, ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడుతుంది. అది దాటి పెరిగేకొద్దీ క్లోరిన్‌ను గట్టిగా పట్టుకుని ఉంచి, పాచిని చంపే బలాన్ని తగ్గిస్తుంది. స్వేచ్ఛా క్లోరిన్ పీపీఎం, స్టెబిలైజర్ పీపీఎంలో కనీసం 7.5 శాతం ఉండాలన్నది మేము పాటించే లెక్క. 40కి 3 పీపీఎం సరిపోతుంది; 150 ఉంటే 11 పీపీఎంకు పైగా కావాలి. అందుకే మీటరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, పాచి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. బిళ్లలు పెంచితే జబ్బుకు కారణమైనదాన్నే మందుగా పోసినట్టు అవుతుంది.

మైలుతుత్తం విషయం కూడా చెప్పాలి. అందులోని రాగి ఆవిరి కాదు, పేరుకుపోయి గోడల మీద మరకలు పెడుతుంది, లేత రంగు జుట్టును పచ్చగా చేస్తుంది. దయచేసి ఇక ఆపేయండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

స్టెబిలైజర్ ఎంతుందో తెలుసుకోవడానికి, గొట్టంలో నీళ్లు పోస్తూ అడుగున ఉన్న నల్లచుక్క కనిపించకుండా పోయే గీతను చూసే పరీక్ష చేయించాను. మొదట 100 గీత దాటిపోయింది. కొలను నీళ్లలో అంతే స్వేదనజలం కలిపి కొలిస్తే 80 వచ్చింది, అంటే అసలు 160. రాత్రిపూట నష్టం కూడా 2 పీపీఎంకు మించే ఉంది. కొలను మొత్తం ఖాళీ చేయించమంటారా?

రెండో సమాధానం ఇచ్చినవారు

మొత్తం వద్దండీ. సగం తీసి కొత్త నీళ్లు పడితే 160 కాస్తా 80 అవుతుంది, మరోసారి సగం తీస్తే 40. దీన్ని తగ్గించడానికి నీళ్లు మార్చడమే నమ్మదగిన దారి. ఖాళీ కొలను కింద భూగర్భ జలాల ఒత్తిడి ఉంటే నేల పైకి లేచి పగిలే ప్రమాదం ఉంది. వానలు పడ్డాక అయితే సగం తీసే పని కూడా ఇంజినీరును అడిగే చేయండి.

తర్వాత పీహెచ్‌ను 7.2కు తెచ్చి, బిళ్లలు పక్కన పెట్టి, ద్రవ రూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్ వాడండి. 10 శాతం ద్రావణం లీటరు పోస్తే లక్ష లీటర్లకు 1 పీపీఎం వస్తుంది. స్టెబిలైజర్ 40 ఉన్నప్పుడు పాచిని చంపడానికి 16 పీపీఎం నిలబెట్టాలి, మీ కొలనుకు అది మొదటి విడత దాదాపు 19 లీటర్లు. తాజా సరుకే కొనండి, ఎండలో ఉంచిన క్యాన్లలో బలం త్వరగా తగ్గుతుంది. పంపు రాత్రింబవళ్లు నడవాలి, రోజుకు రెండు మూడుసార్లు కొలిచి పడిపోయిన మేరకు పోయాలి. ఈ స్థాయిలో పరీక్షకు సగం స్వేదనజలం కలిపి రెట్టింపు చేసి చదవండి. ఇసుక ఫిల్టర్ ప్రెషర్ శుభ్రంగా ఉన్నప్పటి కంటే 0.5 బార్ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లు వెనక్కి నడిపి ఫిల్టర్‌ను కడగండి.

బ్రష్ పనిని మాత్రం వదిలేయకండి. మీరు చెప్పిన నిచ్చెన వెనక, లైటు గూటిలో నీళ్లు కదలవు కాబట్టి క్లోరిన్ సరిగా చేరదు. లైటును కరెంటు ఆపి బయటకు తీసి దాని వెనక రుద్దించండి. ఓవర్‌ఫ్లో కాలువ, పొంగిన నీళ్లు చేరే బ్యాలెన్సింగ్ ట్యాంకు ఉంటే అవి కూడా చూడాలి, తరచూ పాచి మళ్లీ అక్కడి నుంచే వస్తుంది.

నీళ్లు తేటపడి, కంబైన్డ్ క్లోరిన్ (చెమట వంటి మురికితో కలిసి బలం పోయిన క్లోరిన్) 0.5 పీపీఎం దాటకుండా ఉండి, రాత్రి నష్టం 1 పీపీఎం లోపు వచ్చేదాకా ఎవరినీ దిగనివ్వవద్దు. ఆ తర్వాత కూడా క్లోరిన్ మామూలు స్థాయికి దిగాకే ఈతకు తెరవండి.

మొదటి సమాధానం ఇచ్చినవారు

సంఘం సభ్యుడిగా మీరు పంపు గదిలో పని చేసే మనిషికి ఒక్కటి గట్టిగా చెప్పండి: టీసీసీఏ బిళ్లలను హైపోతో (సోడియం హైపోక్లోరైట్‌తో) గానీ బ్లీచింగ్ పౌడర్‌తో గానీ ఒకే బకెట్లో, మందు వదిలే ఒకే డోసర్లో కలపకూడదు, అవి మండి పేలే అవకాశం ఉంది. హైపోలో ఆమ్లం పడితే విషవాయువు వస్తుంది. ఆమ్లం, హైపో నిల్వ ఉంచే గదులు వేరుగా ఉండాలి, కొలిచే మగ్గులు కూడా వేరుగానే ఉంచాలి. తీసిన నీళ్లను తోటకు పెట్టాలనుకుంటే ఆపండి. మీ నీళ్లలో రాగి కూడా చేరింది, మురుగు కాలువకే పంపండి.