ఏరేటర్ లెక్కలో గంటలు ఎక్కువొస్తున్నాయండీ

ఆకివీడు దగ్గర మా బాబాయి రొయ్యల చెరువుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఎంతసేపు తిరిగిందో లెక్కకట్టడానికి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రామ్ పెట్టాను. మొదట, చివర టైమ్.టైమ్()తో కంప్యూటర్ గడియారంలోని టైమ్ తీసుకుని తేడా చూస్తున్నా. కరెంటు పోయొచ్చిన రాత్రుల్లో ఒక్కోసారి గంటలకు గంటలు ఎక్కువ చూపిస్తోంది. బాబాయేమో డీజిల్ లెక్క అడుగుతున్నాడు!

కోనసీమ కుర్రోడు: పై 4లో బ్యాటరీ గడియారం ఉండదండి. పాత టైమ్‌తో లేచి, నెట్ దొరికాక ఒక్కసారిగా ముందుకు గెంతుతుంది. ఆ గెంతే మీ లెక్కలో పడుతోంది. టైమ్.మోనోటోనిక్() వాడండి, అది ఎప్పుడూ ముందుకే నడిచే లెక్క, గడియారాన్ని ఎవరు సరిదిద్దినా దానికి పట్టదు.

లాకుల దగ్గర: కాకపోతే రీబూట్ అయ్యాక పాత మోనోటోనిక్ విలువ పనికిరాదు. నిమిషానికోసారి గడిచిన సెకన్లను ఫైల్‌లో కలుపుతూ పోండి.

అడిగినవాడు: మరి సన్నటి కొలతలకి పైథాన్‌లో ఉండే పర్ఫ్_కౌంటర్?

కోనసీమ కుర్రోడు: అదీ వెనక్కి నడవదు. కానీ ఏరేటర్‌కి అంత సన్నటి కొలత దేనికండీ!