బ్రష్ కట్టర్ నైలాన్ వైరు ఊకె తెగుతోంది, ఏం చేయాలె?

బత్తాయితోట_నల్గొండ:
అన్నలూ నమస్తే. తోటలో గడ్డి కొట్టనీకి పెట్రోల్ బ్రష్ కట్టర్ తీసుకున్న, మిషన్ మంచిగనే ఉంది గానీ ఈ వైరుతోనే సావొస్తుంది. నాలుగు చెట్లు దాటంగనే తెగుతది, హెడ్డు (వైరు చుట్టి ఉండే కింది డబ్బా) నేలకు కొట్టినా కొత్త వైరు బయటికి రాదు, ఆపి విప్పి చూస్తే లోపల చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉంటున్నయ్. 2.4 ఎంఎం గుండ్రటి వైరు, పోయిన ఎండాకాలం నుంచి రేకుల షెడ్డుల మేకుకే యేలాడుతుంది. 3 ఎంఎం ఏస్తే ఆగుతదా?

గట్టుమీద:
రేకుల షెడ్డు అన్నవ్ చూడు, ఆడనే పోయింది తమ్మీ. నైలాన్ల తేమ ఉంటేనే వంగుతది, ఎండితే పుల్ల లెక్క పుటుక్కుమంటది. ఒక ముక్క వేలికి చుట్టి చూడు, విరిగితే రోల్ మొత్తం బకెట్ నీళ్లల్ల ఒక రోజంతా నానబెట్టు. తర్వాత ఎండ తగలకుండ ఇంట్ల పెట్టుకో.

కోనసీమ_కొబ్బరి:
నానబెట్టడం సరే గానీ అతుక్కోవడం వేరే గొడవండి, అది వేడికి. వదులుగా చుట్టినా, చుట్టు మీద చుట్టు అడ్డంగా ఎక్కినా లోపల రుద్దుకుని కరిగిపోద్ది. హెడ్డులో వైరు చుట్టే స్పూల్ మీద బాణం గుర్తు ఉంటది, అటువైపే బిగించి పక్కపక్కనే చుట్టండి, నిండా కుక్కేయకండి. లావు వైరు మాత్రం హెడ్డుకి సరిపోద్దని బుక్కులో ఉంటేనే వేయండి, చిన్న ఇంజనైతే లాగలేదు. ఇంతకీ గార్డు ఉందా, పీకేశారా? మా దగ్గర కూలోళ్లు మొదటి రోజే పీకేస్తారు, వైరుని సైజుకి కోసే చిన్న బ్లేడు దానికే ఉంటదని చెప్పినా వినరు. వైరు పొడుగైతే ఇంజను మీద లోడు పడి స్పీడు పడిపోద్ది.

బత్తాయితోట_నల్గొండ:
గార్డు షెడ్డులనే ఉందన్నా 😅 గడ్డి ఇరుక్కుంటుందని తీసేసిన.

పాతరైతు:
ముందు అది బిగించు. గడ్డిలకు హెడ్డంతా దూర్చకు, వైరు కొసతోనే కొయ్యాలె, రాయికి తగిలితే ఏ వైరైనా పోతది. ముదిరిన వయ్యారిభామ కలుపుకు వైరు బదులు ఇనుప బ్లేడు ఎయ్యి. ఇంకోటి, బత్తాయి మొదలు దగ్గర మూరెడు వదిలేసి కొడవలితో కొయ్యి, వైరు తాకి బెరడు లేచిందంటే ఆ గాయంల నుంచే బంక తెగులు పడతది. నా తోటల రెండు చెట్లు అట్లనే పోయినయ్.

బత్తాయితోట_నల్గొండ:
నిన్న నానబెట్టి, గార్డు పెట్టి కొట్టిన. రెండు సాళ్లు అయినయ్, ఒక్కసారే తెగింది, అది కూడా డ్రిప్పు పైపు ముల్లుకు తగిలి. పైపు కూడా తెగిందనుకో, అది వేరే కథ.