నాటు నాటుకి ఆస్కార్ వచ్చింది సరే, స్టెప్పులు నేర్పిన మాస్టర్‌కి ఏమొచ్చింది?

స్టెప్పుల అక్క, అనంతపురం

అందరికీ నమస్తే. పాతూరులో ఒక అద్దె హాల్లో పిల్లలకు సినిమా డాన్స్ నేర్పిస్తాను. రాగాలు, తాళాలు నాకేం తెలీదు. కొత్త పాట వీడియో వచ్చిందంటే మాత్రం ఫోన్లో వేగం పావు వంతుకు తగ్గించి ఒక్కో స్టెప్పూ చూస్తూ కూర్చుంటా. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు ఒక బిట్ పట్టేస్తా. నా పిచ్చీ ఇదే, నా కూడూ ఇదే.

విషయం ఏమంటే, మా మరిదితో పందెం పడింది. ఓడినవాళ్ళు ఇంటిల్లిపాదికీ ఉగ్గాణి బజ్జీ తెప్పించాల. వాడు రెండు మాటలంటాడు. ఒకటి, 'నాటు నాటు'కి ఆస్కార్ ఇచ్చినప్పుడు ప్రేమ్ రక్షిత్ మాస్టర్‌కి కూడా ఒక బొమ్మ ఇచ్చే ఉంటారు, స్టేజీ మీదికి పిలవలేదంతే. రెండు, ఆస్కార్‌లో డాన్స్‌కీ అవార్డు ఉంది, నీకే తెలీదు వదినా. నేను రెండూ కాదన్నా.

ఆ పొద్దు నాకు బాగా గుర్తు. 2023 మార్చి 13, సోమవారం. అక్కడ లాస్ ఏంజిల్స్‌లో ఇంకా ఆదివారం రాత్రే. పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ పట్టుకుని నిలబడ్డా. దీపికా పదుకోణె వచ్చి పాట గురించి చెప్పింది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు, వేరే డాన్సర్లు ఆడారు. తర్వాత పేరు చదివితే కీరవాణి గారు, చంద్రబోస్ గారు స్టేజీ ఎక్కారు. కీరవాణి గారు మాట్లాడాల్సింది కూడా పాటలాగా పాడారు, చంద్రబోస్ గారు 'నమస్తే' అన్నారు. ఇక్కడ పాలు పొంగిపోయాయి. నేను ఏడుస్తుంటే పాలు పోయాయని ఏడుస్తున్నానేమో అనుకుంది మా అత్తమ్మ.

కళ్ళు తుడుచుకుంటూ వెతికింది మాత్రం మాస్టర్ కోసం. ఆయనేడీ?

ఆ స్టెప్పు చూసేవాళ్ళకు గెంతులాట. నేర్పించి చూడండి తెలుస్తుంది. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేయాల. నడుం పైన ఇద్దరిదీ ఒకటే ఒళ్ళు, నడుం కింద నాలుగు కాళ్ళూ ఒకే బీటు మీద పడాల. ఒక కాలు అర క్షణం ఆలస్యమైతే భుజం మీది చెయ్యి జారి మొత్తం బయటపడిపోతుంది. దాచుకునే చోటే లేదు. గ్రూపులో వెనక వరసలో నిలబడి మేనేజ్ చేసే స్టెప్పు కాదది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక స్కూల్ వార్షికోత్సవానికి 24 మంది ఐదో తరగతి పిల్లలతో ఇదే పాట చేయించా. జతలకు ఎత్తు కుదరదు. పొట్టోడు భుజం మీద చెయ్యి వేద్దామంటే అందదు, పొడుగోడు వేస్తే పొట్టోడి చెవికి తగుల్తుంది. నాలుగు వారాలు పట్టింది. రిహార్సల్లో ప్యాంటు పట్టీ క్లిప్పు ఊడి ఒక పిల్లోడి ముక్కు మీద ఠపీమని కొట్టింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, బీటు మాత్రం తప్పలేదు.

ఆ రోజు రాత్రి ఈలలే ఈలలు. షీల్డు కరస్పాండెంట్ గారికి, మెడల్స్ పిల్లలకు, శాలువా ముఖ్య అతిథికి. మైకులో పాట పేరు చదివారు, హీరోల పేర్లు చదివారు. నా గురించి కూడా ఒక మాట చెప్పారు లెండి: "డాన్స్ టీచర్ ఎక్కడున్నా స్టేజీ వెనక్కి వచ్చి స్పీకర్ వైరు చూడాలి."

అందుకే అడుగుతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి, పందెం ఎవరిది?

డైరీ మామ, కర్నూలు

అమ్మా, మొదటి మాటలో నువ్వే గెలిచావు.

ఆ అవార్డు పాటకు. అంటే బాణీ కట్టినవారికి, మాట రాసినవారికి. వీడియోకి కాదు, డాన్స్‌కి కాదు, చివరికి గొంతుకి కూడా కాదు. రాహుల్, కాలభైరవ అంత పెద్ద స్టేజీ మీద పాడి కూడా బొమ్మ లేకుండానే వచ్చారు. 2009లో 'జయహో'కీ అంతే. రెహమాన్ గారికి, గుల్జార్ గారికి ఇచ్చారు, పాడిన సుఖ్విందర్ సింగ్‌కి లేదు. ముందు ఆస్కార్ ఇచ్చే అకాడమీలోని సంగీత విభాగం వాళ్ళు 15 పాటలు ఏరతారు, అందులోంచి 5 నామినేషన్లకు వస్తాయి, ఆ ఐదింట్లో ఒకదానికి సభ్యులందరూ ఓటు వేస్తారు. వేసేవాళ్ళ కళ్ళ ముందు ఆ నాలుగు కాళ్ళు ఆడలేదంటే నేను నమ్మను, అది వేరే సంగతి.

మాస్టర్ ఉత్తచేతులతో మాత్రం లేరు. 2021 సినిమాలకు 69వ జాతీయ అవార్డులు 2023 ఆగస్టులో ప్రకటించారు. ఉత్తమ కొరియోగ్రఫీ ప్రేమ్ రక్షిత్ గారికే, ఆర్ఆర్ఆర్‌కే. ఆ పేజీ నా డైరీలో మొత్తం ఎర్ర ఇంకే. 'పుష్ప'కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు, తెలుగు హీరోకి అది రావడం అదే మొదటిసారి. పాటలకు దేవిశ్రీ, నేపథ్య సంగీతానికి కీరవాణి, 'కొమురం భీముడో' పాడినందుకు కాలభైరవ. చంద్రబోస్ గారికీ వచ్చింది, కానీ నాటు నాటుకి కాదు, 'కొండపొలం'లో పాటకి. మన నల్లమల గొర్రెల కాపర్ల కథ అది. ఆ సినిమా ఎంతమంది చూశారో చేతులెత్తండి చూద్దాం.

ఇంకో ముచ్చట. నాటు నాటులో ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు ఉన్నాయి గదా. మా ఇంట్లో రోజూ రాత్రి తిండి అది. ఆస్కార్ వేడుక జరిగిన డాల్బీ థియేటర్‌కి పోయొచ్చింది.

రెండో మాట సంగతి రేపు చెప్తా. కరెంటు పోయేట్టుంది.

బంగారం అంగడి, ప్రొద్దుటూరు

అక్కా, నేను తారక్ అన్న ఫ్యాన్‌ని, ముందే చెప్తున్నా. మాస్టర్ వంద స్టెప్పులు చెప్పనీ, వేసే కాళ్ళు ఉండాల గదా. నా దగ్గర డిజైన్ కాగితాలు బొచ్చెడున్నాయి, చేసేవాడు లేకుంటే అది కాగితమే.

ఆ వీడియోలో ఇప్పుడు నేను చూసేది ఇంకొకటి. 2021 ఆగస్టులో కీవ్‌లో, అధ్యక్షుడి ప్యాలెస్ ముందర తీశారు. ఆర్నెల్లకు యుద్ధం వచ్చింది. పాట వస్తే కాళ్ళ మీద చూపు నిలవడం లేదు, వెనకాల మేడ మీదికే పోతాంది.

ఇంగ మన కడప జిల్లా గొప్ప చెప్పకపోతే ఎట్లా. కీరవాణి గారికి జాతీయ అవార్డు ఆస్కార్‌కి చాలా ముందే 'అన్నమయ్య'కి వచ్చింది. అన్నమయ్య తాళ్ళపాకోడు, మనోడు. దక్షిణాది నుంచి మొదటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు తీసుకున్న బి.ఎన్.రెడ్డి గారు పులివెందుల పక్కనోళ్ళు. అవార్డులు మాకు కొత్త కాదు.

స్టెప్పుల అక్క, అనంతపురం

తమ్ముడూ, గొప్పలు మీవే, ఒప్పుకుంటా. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రి ఆయన, అది కూడా రాసిపెట్టుకో.

కాళ్ళ సంగతి మాత్రం ఒప్పుకోను. ఇద్దరు హీరోల ఎత్తు ఒకటి కాదు, ఒళ్ళు ఒకటి కాదు, ఆడే తీరు ఒకటి కాదు. ఒకాయన బాగా చేసేది రెండో ఆయన పక్కన తేలిపోకూడదు. ఇద్దరికీ సరిపోయే స్టెప్పు వెతకడం ఉంది చూడు, అది వేసేవాళ్ళ పని కాదు. నా 24 మందితో నాలుగు వారాలు పడ్డదాన్ని, నాకు తెలుసు.

బసవన్న, హిందూపురం

నంది అవార్డుల్లో డాన్స్ మాస్టర్‌కి వేరేగా బహుమతి ఉండేది మేడమ్. 1964లో మొదలైన అవార్డులు. ఆ నంది ఎక్కడిదనుకున్నారు? మా లేపాక్షిదే, ఒకే రాతిలో చెక్కిన బసవన్న. 2014, 15, 16 సంవత్సరాలవి కలిపి 2017లో ప్రకటించారు, ఆ తర్వాత సినిమాలకు ఆ పేరు వినపడలేదు. మా బసవన్న అక్కడే కూర్చున్నాడు. 2022లో జిల్లా పేరు మారినా తల తిప్పి చూడలేదు.

డైరీ మామ, కర్నూలు

కరెంటు వచ్చింది. అమ్మా, రెండో మాటలో మీ మరిది గెలిచాడు. కాదు, సగం గెలిచాడు.

ఇప్పుడు ఆస్కార్‌లో డాన్స్‌కి అవార్డు లేదు. ఒకప్పుడు ఉండేది! 1935, 36, 37 సినిమాలకు, మూడంటే మూడేళ్ళు, 'డాన్స్ డైరెక్షన్' అని ఇచ్చారు. తర్వాత ఎత్తేశారు. ఆ పైన ఎప్పుడన్నా ప్రత్యేక గౌరవం అంతే: 'వెస్ట్ సైడ్ స్టోరీ'కి జెరోమ్ రాబిన్స్, 'ఆలివర్'కి ఒనా వైట్.

ఫైట్ మాస్టర్ల కష్టం ఫలించింది చూడు. 2027 సినిమాల నుంచి స్టంట్లకు ఆస్కార్ ఇస్తామన్నారు, 2028లో 100వ వేడుకలో మొదటిది. ఆ ప్రకటనకు పెట్టిన సినిమా ఫోటోల్లో ఆర్ఆర్ఆర్ కూడా ఉంది. కొట్టుకునేవాళ్ళకు ఇస్తున్నారు, ఆడేవాళ్ళకు ఇంకా లేదు.

నువ్వు చూసే పాట వీడియోల లెక్కకొస్తే ఎంటీవీ వాళ్ళు 1984లో మొదటి ఏడే కొరియోగ్రఫీకి విడిగా ఇచ్చారు. గ్రామీలో వీడియో అవార్డు పాడినవారికి, దర్శకుడికి, నిర్మాతకి. అక్కడా మాస్టర్ లేడు. మన దేశంలో ఫిల్మ్‌ఫేర్ వాళ్ళు ఈ విభాగం పెట్టిందే సరోజ్ ఖాన్ గారి 'ఏక్ దో తీన్' చూసి. ఒక్క పాట కోసం అవార్డే పుట్టింది.

స్టెప్పుల అక్క, అనంతపురం

మామా, నీ డైరీకి దండం. 1935 అని చదవగానే మా మరిది ఇల్లు ఎగిరేలా అరిచాడు. నేను "ఉంది అన్నావు, ఉండేది అనలేదు" అని గట్టిగానే వాదించా. చివరికి మా అత్తమ్మ తీర్పు చెప్పింది: ఉగ్గాణి నా డబ్బులతో, బజ్జీలు వాడి డబ్బులతో. వాడు మిరపకాయ బజ్జీలు లెక్కపెట్టి మరీ తెచ్చాడు, మనిషికి రెండు.

ఇంకో సంగతి. ఆ స్కూల్ వాళ్ళే ఈ ఏడాది మళ్ళీ పిలిచారు. రోజూ ఈ చర్చే తలలో తిరుగుతోంది గదా, ధైర్యం చేసి అడిగేశా: "సార్, ఫీజు పాతదే ఇవ్వండి, పాటకు ముందు మైకులో నా పేరు చదవాల." కరస్పాండెంట్ గారు వెంటనే సరేనన్నారు, మంచి మనిషే. కార్యక్రమం కాగితం ముందరేసుకుని, పెన్ను మూత తీసి, రాయబోయి ఆగారు.

"ఇంతకీ నీ పేరేందమ్మా?"

మూడేళ్ళుగా పోతున్నా ఆ స్కూల్‌కి.