అప్‌డేట్: ఆ ఇంట్లోంచి బయటికొచ్చి ఎనిమిది నెలలు

పోయినేడాది అడిగాను కదా, నా ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకుని, రోజూ ఫోన్ చెక్ చేసే మనిషితో ఇంకెన్నాళ్లు సర్దుకుపోవాలని. మీలో ఒకరు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమన్నారు. చేశాను. హింసకు గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లమన్నారు. కొట్టకపోయినా, డబ్బు చేతికి రానివ్వకపోవడం కూడా 2005 గృహహింస చట్టం కిందికే వస్తుందని అక్కడే తెలిసింది. కేసు నడుస్తోంది, దాని గురించి ఇంతే.

ఇప్పుడు వరంగల్‌లో సింగిల్ రూమ్. మొదటి నెలంతా గేటు చప్పుడైతే చాలు, కాల్ లిస్ట్ చెరిపేసేదాన్ని. మొన్న ఆదివారం పదకొండింటిదాకా పడుకుని, లేచి ఇంగువ దట్టించి పులిహోర కలిపాను. ఆయనకి ఆ వాసన పడదు. (నాకూ అంత ఇష్టం లేదని తిన్నాకే తెలిసింది!)

అమ్మ ఇంకా "సర్దుకోవే" అంటోంది. బీరువా సర్దుకుంటున్నా అని చెప్పా.