అప్‌డేట్: 2010 గ్రూవ్ నిబంధన, నా పాత గోల్ఫ్ క్లబ్బులు

2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన గ్రూవ్ నిబంధన (క్లబ్బు ముఖంపై గీతల్లా ఉండే గాడులకు, అంటే గ్రూవ్‌లకు, పరిమితులు పెట్టినది) వల్ల నా పాత ఐరన్లు (లోహపు తల ఉన్న క్లబ్బులు), వెడ్జ్‌లు (బంతిని దగ్గరి దూరానికి ఎత్తుగా లేపే క్లబ్బులు) మార్చాలా అని విజయనగరం నుంచి అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ‘ముందు పోటీ షరతులు చదవండి’ అన్న సలహాయే పనికొచ్చింది. 2010కి ముందు తయారై, అప్పటి నిబంధనలకు సరిపోయిన క్లబ్బులను కూడా పక్కన పెట్టించే స్థానిక నిబంధన జి-2 (నిర్వాహకులు కావాలనుకుంటేనే పోటీలో పెట్టేది) మేటి ఆటగాళ్ల పోటీలకు ఉద్దేశించినది. విశాఖలో నేను ఆడే సభ్యుల పోటీలో అది లేదని నిర్వాహకులు రాతపూర్వకంగానే తెలిపారు. డ్రైవరు (బంతిని చాలా దూరం కొట్టే క్లబ్బు), పుటర్ల (బంతిని గుంతలోకి దొర్లించే క్లబ్బులు)పై సాగిన చర్చ (ఆసక్తికరమే అయినా) అక్కరకు రాలేదు, ఆ గ్రూవ్ పరిమితులు వాటికి వర్తించవు. అయితే క్లబ్బులు బాగుచేసే నిపుణుడు శాండ్ వెడ్జ్ ముఖంపై గోరు పెట్టి గీయగా, షాఫ్టు (క్లబ్బు కర్ర) వైపు గ్రూవ్ అంచు తట్టింది గానీ బంతి తగిలే మధ్యభాగంలో నున్నగా జారిపోయింది. అందుచేత అరిగిన ఆ ఒక్కదాన్నే మార్చాను. ఐరన్లు అలాగే ఉన్నాయి.